నికెల్ తొట్టె పక్కన పెరిగిన పిల్ల హైడ్రోజన్ తీస్తానంటే

ప్రశ్న: మాది బరంపురం, పెద్దబజారు దగ్గర నికెల్, క్రోమ్ ప్లేటింగ్ షాపు. అమ్మాయి భంజ విహార్‌లో (బరంపురం యూనివర్సిటీ) ఎమ్మెస్సీ కెమిస్ట్రీ మొదటి సంవత్సరం. నీళ్లను విడగొట్టి హైడ్రోజన్ తీసే చవక క్యాటలిస్టుల మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. వాళ్లమ్మేమో బీఎడ్ చేసి టీచరైతే చాలంటోంది. మొన్న షాపులో రెక్టిఫయర్‌కి రెండు స్టీలు రేకులు తగిలించి కాస్టిక్ నీళ్లలో బుడగలు తెప్పించింది, అరగంటకి నీళ్లు పసుపు రంగుకి తిరిగాయి. ఇదేం చదువు? దీనికి భవిష్యత్తు ఉందా? ఐదేళ్లు ఎవరు పోషిస్తారు? ఒడిశాలో ఉన్న మన తెలుగు పిల్లలకి ఇలాంటి చోట్ల సీటిస్తారా?

జవాబు:

అన్నగారూ, ముందు ఆ పసుపు నీళ్ల దగ్గరే మొదలుపెడతాను. మీరు దాన్ని పిల్ల మీద ఫిర్యాదులా రాశారు. ఆ తర్వాత ఏం చేసిందని నేను ఫోన్ చేసి అడిగితే, "ఏముంది, రేకు తీసేసి నా నికెల్ యానోడ్ ముక్క పెట్టింది, ఈసారి నీళ్లు తేటగానే ఉన్నాయి" అని మామూలుగా చెప్పేశారు. నాకు మాత్రం మీ ఉత్తరం మొత్తంలో ముఖ్యమైనది ఆ ఒక్క ముక్కే. స్టెయిన్‌లెస్ స్టీలులో క్రోమియం ఉంటుంది, పాజిటివ్ వైపు, అంటే యానోడ్‌గా పెట్టి గట్టిగా కరెంటు పంపితే అది కరిగి క్రోమేట్‌గా నీళ్లలోకి దిగుతుంది, ఆ రంగు మీరు క్రోమ్ తొట్టె కడిగినప్పుడల్లా చూసేదే. పిల్ల ఆ రంగు చూసి భయపడి కట్టేయలేదు, సెల్ఫీ తీసుకుని ఊరుకోలేదు, తప్పు రేకులో ఉందని పట్టుకుని రేకు మార్చి మళ్లీ చూసింది. ఎమ్మెస్సీ పాసైన వాళ్లలో కూడా ఈ పని చేసేవాళ్లు తక్కువ, రోజూ పిల్లలతో మాట్లాడేవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

ఇక ఇదేం చదువు అన్నారు. మీ చదువే అన్నగారూ, పేరు మారింది అంతే. మీ క్రోమ్ తొట్టెలో మీరు పంపే కరెంటులో వస్తువు మీద క్రోమ్ ఎక్కించడానికి పనికొచ్చేది 10 నుంచి 20 శాతం, మిగతాదంతా దాదాపుగా హైడ్రోజన్ బుడగలకే పోతుంది. ఎదుట వేలాడే సీసం యానోడ్ మీద వచ్చేది ఆక్సిజన్. అంటే మీరు ఇన్నేళ్లుగా హైడ్రోజన్ తయారుచేస్తూనే ఉన్నారు, కాకపోతే దాన్ని ఎగ్జాస్ట్ ఫ్యానుతో బయటికి తోసేస్తున్నారు. నికెల్ ఎక్కించేటప్పుడు బుడగ వస్తువుని వదలకపోతే అక్కడ గుంట పడుతుందని గాలి కొడతారు, వెట్టింగ్ ఏజెంట్ వేస్తారు కదా. ఎలక్ట్రోలైజర్, అంటే కరెంటుతో నీళ్లను విడగొట్టే యంత్రం చేసేవాళ్లకీ అదే తలనొప్పి, బుడగ ఎలక్ట్రోడ్‌కి అంటుకుని కూర్చుంటే అంత మేర కరెంటు పని చేయదు. గంజాం ఊళ్లో రుషికుల్య ఒడ్డున కాస్టిక్ సోడా ఫ్యాక్టరీ ఉంది చూడండి, అక్కడ ఉప్పు నీళ్లలో కరెంటు పంపి క్లోరిన్, కాస్టిక్ తీస్తే పక్కన ఊరికే వచ్చేది హైడ్రోజనే. ఇంకా పాత కథ కావాలంటే, పంజాబ్‌లోని నంగల్ ఎరువుల ఫ్యాక్టరీలో 1960లలోనే భాక్రా డ్యాం కరెంటుతో నీళ్లను విడగొట్టి ఆ హైడ్రోజన్‌తో అమ్మోనియా చేశారు. కాబట్టి ఇది నిన్న టీవీలో పుట్టిన సైన్సు కాదు.

మరి కొత్తగా కనిపెట్టాల్సింది ఏముంది అంటే, లెక్క చెబుతాను, షాపు నడిపేవారు కాబట్టి మీకు వెంటనే అర్థమవుతుంది. నీళ్లను విడగొట్టడానికి సిద్ధాంతం ప్రకారం 1.23 వోల్టులు చాలు, బయటి నుంచి వేడి తీసుకోకుండా నడవాలంటే 1.48. నిజంగా నడిచే యంత్రాలు 1.8 నుంచి 2 వోల్టుల దాకా తింటాయి. ఆ పైన పడేదంతా జరిమానా అనుకోండి, క్యాటలిస్టు పని ఆ జరిమానా తగ్గించడం. కిలో హైడ్రోజన్‌కి ఒక్కో వోల్టుకీ దాదాపు 26.6 యూనిట్ల కరెంటు పడుతుంది. అంటే పాప ఐదేళ్లు కష్టపడి 0.1 వోల్టు తగ్గించిందనుకోండి, కిలోకి 2.66 యూనిట్లు మిగులుతాయి, యూనిట్ 5 రూపాయలైతే 13 రూపాయలు. కిలో హైడ్రోజన్ తీయడానికి మొత్తం 50, 55 యూనిట్లు పోతాయి, అంటే కరెంటు బిల్లే 250 దాటుతుంది. నీళ్లు మాత్రం కిలోకి ఓ 9 లీటర్లు విడిపోతే చాలు, శుద్ధి చేయడంలో పోయేది వేరే. ఇందులోంచి రెండు సంగతులు తెలుస్తాయి. 13 రూపాయలు చిన్నదేం కాదు, రోజుకి టన్నుల్లో తీసేవాడికి అది లాభనష్టాల గీత. అలాగని క్యాటలిస్టు ఒక్కటే వచ్చి ప్రపంచాన్ని మార్చేయదు, కరెంటు రేటు తగ్గకపోతే ఏదీ మారదు. ఉపన్యాసాల్లో మొదటిది చెప్పి రెండోది మింగేస్తారు.

చవక అనే మాట గురించి కూడా పాపకి స్పష్టత ఉండాలి. ఎలక్ట్రోలైజర్లలో ఒక రకం ఆమ్లం లాంటి పొరతో నడుస్తుంది, పీఈఎం అంటారు, అందులో ఆక్సిజన్ వైపు తట్టుకుని నిలబడేది ప్రధానంగా ఇరిడియం. ఆ లోహం ప్రపంచం మొత్తం మీద ఏడాదికి 7, 8 టన్నులే వస్తుంది, ఎక్కువ భాగం దక్షిణాఫ్రికా నుంచి. బంగారం గనుల నుంచి ఏటా 3,000 టన్నుల పైన వస్తుంది, పోల్చి చూసుకోండి. రెండో రకం క్షారంతో నడిచేది, 25, 30 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో నికెల్ ఎలక్ట్రోడ్లు. ఇక్కడ లోహం ఇప్పటికే చవక, యంత్రం మొద్దుగా పెద్దగా ఉంటుంది. ఈ రెండింటి మధ్య ఏఈఎం అని మూడో రకం వస్తోంది, పలచటి పొర, క్షారం వాతావరణం, నికెల్, ఇనుము లాంటివి వాడుకునే వీలు. నన్నడిగితే చవక క్యాటలిస్టు మీద పని చేసే పిల్లలకి ఎక్కువ చోటు ఈ మూడోదాంట్లో ఉంది. హైడ్రోజన్ వైపు కన్నా ఆక్సిజన్ వైపే ఎక్కువ కష్టం, అక్కడ నాలుగు ఎలక్ట్రాన్లు మెట్టు మెట్టుగా కదలాలి, జరిమానాలో పెద్ద వాటా అక్కడే పడుతుంది.

నికెల్, ఇనుము అన్నాను కదా, దాని వెనక ఓ కథ ఉంది, ఇది పాపకి చదివి వినిపించండి. నికెల్ హైడ్రాక్సైడ్ ఆక్సిజన్ తీయడంలో భలే చురుకని చాలాకాలం పేరు. డెన్నిస్ కారిగన్ అనే ఆయన 1987లోనే, ద్రావణంలో కొద్దిపాటి ఇనుము ఉన్నా నికెల్ ప్రవర్తన మారిపోతుందని చూపించాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2014లో ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో షానన్ బెట్చర్ బృందం పొటాషియం హైడ్రాక్సైడ్‌లోంచి ఇనుమంతా తీసేసి చూస్తే, ఆ పేరుమోసిన నికెల్ చతికిలపడింది. అప్పటిదాకా కంపెనీ సీసాలోంచి వచ్చే మలినమే చాలామంది గ్రాఫుల్ని నిలబెట్టిందన్నమాట. తొట్టెలో మలినం పడితే మెరుపు ఎలా పోతుందో మీకు తెలుసు. ఇక్కడ తిరగబడింది, మలినం వల్లే మెరుపు వచ్చింది.

నా సంగతీ చెప్పేస్తాను. ఈ కౌన్సెలింగ్‌లోకి రాక ముందు నేనూ కొన్నాళ్లు ఎలక్ట్రోకెమిస్ట్రీ ల్యాబ్‌లో ఉన్నవాణ్ణే, ఏ ల్యాబో అనవసరం. హైడ్రోజన్ వైపు వాడే ఓ చవక పొడి చేశాను, అది రోజురోజుకీ మెరుగవుతోంది, మామూలుగా ఏ క్యాటలిస్టైనా వాడేకొద్దీ అరుగుతుంది కదా, నాది మాత్రం వాడేకొద్దీ పదునెక్కుతోంది. ఇంట్లో వాళ్లకి స్వీట్లు కూడా పంచాను. ఎనిమిది నెలల తర్వాత పక్క ల్యాబ్ నుంచి వచ్చిన ఒక సీనియర్ అక్క నా బీకర్‌లోకి తొంగి చూసి, ఎదుటి ఎలక్ట్రోడ్ ఏం పెట్టావురా అంది. ప్లాటినం తీగ అన్నాను. అది తీసి గ్రాఫైట్ కడ్డీ పెట్టమంది. పెట్టాను, నా గ్రాఫు వారంలో నేల మీదికి వచ్చింది. ప్లాటినం కొంచెం కొంచెంగా కరిగి వచ్చి నా పొడి మీద పేరుకుంటోంది, నేను మెచ్చుకున్నదంతా ప్లాటినాన్నే. అసలు బాధ ఆ గ్రాఫు పోయినందుకు కాదు, అన్ని నెలలూ మా ల్యాబ్‌లో రోజూ ఆ బీకర్ ముందు నుంచి నడిచిన వాళ్లలో ఒక్కరు కూడా ఆ ప్రశ్న అడగనందుకు.

అందుకే టాపిక్ పేరు చూసి ల్యాబ్ ఎంచుకోవద్దంటాను. పాప ఏ ల్యాబ్‌కి వెళ్లినా అక్కడి పీహెచ్‌డీ పిల్లలతో టీ తాగుతూ నాలుగు మాటలు అడగాలి. ఎదుటి ఎలక్ట్రోడ్ ఏం వాడతారు? ఇనుము తీసిన ద్రావణంతో ఎప్పుడైనా పోల్చి చూశారా? ఒక ఎలక్ట్రోడ్‌ని ఆపకుండా ఎన్ని గంటలు నడిపారు, ఎంత కరెంటు మీద? పేపర్లలో చదరపు సెంటీమీటరుకి 10 మిల్లీఆంపియర్ల దగ్గర వోల్టేజి ఇంత తక్కువ అని గొప్పగా రాస్తారు, ఫ్యాక్టరీలో దానికి 50, 100 రెట్ల కరెంటు మీద ఏళ్ల తరబడి నడవాలి. 10 దగ్గర ఒక పూట నడిపి స్థిరంగా ఉంది అని రాసేసే చోట పిల్ల నేర్చుకునేది ఫోటోలు తీయడం, గ్రాఫులు గీయడం. వెయ్యి గంటలు నడిపి ఎక్కడ పొర ఊడిందో చూసే చోటైతే ప్లేటింగ్ షాపులో పెరిగిన పిల్లకి పుట్టింటికి వెళ్లినట్టుంటుంది. ఇంకా ఒకటి, గత మూడు నాలుగు బ్యాచ్‌ల పిల్లలు ఎన్నేళ్లలో బయటపడ్డారు, ఇప్పుడెక్కడున్నారు అని అడగండి. గైడుని కాదు, పిల్లల్నే అడగండి.

ఎక్కడ అంటే, మీ ఊరి పక్కనే లౌడిగాంలో ఐసర్ (కేంద్రం నడిపే సైన్సు చదువు, పరిశోధన సంస్థ) ఉంది, 2016లో మొదలైంది, మొదట్లో మన ఐటీఐ భవనంలోనే నడిచేది, మీకు గుర్తుండే ఉంటుంది. భువనేశ్వర్‌లో ఖనిజాలు, లోహాల మీద పని చేసే సీఎస్‌ఐఆర్ వారి ఐఎంఎంటీ, ఐఐటీ, జట్నీలో అలాంటిదే నైసర్, అటు రూర్కెలా ఎన్ఐటీ. కిందికి వెళ్లాలంటే హైదరాబాద్‌లో ఐఐసీటీ, సెంట్రల్ యూనివర్సిటీ. ఎలక్ట్రోకెమిస్ట్రీ ఒక్కదాని కోసమే పుట్టిన సంస్థ కావాలంటే తమిళనాడు కారైక్కుడిలో సీఈసీఆర్‌ఐ, ప్లేటింగ్, తుప్పు, బ్యాటరీలు అన్నీ ఒకే గోడల మధ్య. దూరమే, భాష వేరే, కానీ నాకు కూతురుంటే అక్కడికి పంపడానికి రెండోసారి ఆలోచించేవాణ్ణి కాదు.

ఐదేళ్ల పోషణ సంగతి. సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000, ఆ తర్వాత 42,000, హాస్టల్ లేకపోతే ఇంటి అద్దె భత్యం అదనం. మీరు పెట్టేదేమీ ఉండదు, కాకపోతే పండక్కి రమ్మంటే ప్రయోగం నడుస్తోంది, రాలేను అంటుంది, దానికి సిద్ధపడండి. నెట్ ఏడాదికి రెండుసార్లు ఉంటుంది, గేట్ ఫిబ్రవరిలో. జేఆర్ఎఫ్ రాకపోతే గేట్‌తోనో, ప్రాజెక్టు ఉద్యోగంతోనో చేరొచ్చు గానీ అప్పుడు డబ్బు గైడు ప్రాజెక్టు మీద ఆధారపడుతుంది, ప్రాజెక్టు మూడేళ్లలో అయిపోతే టెన్షన్ మొదలు. అందుకని ఈ ఏడాదిన్నరా అమ్మాయి చూపు నెట్ మీదే ఉండాలి.

ఒడిశాలో తెలుగువాళ్లం అన్న దిగులు ఈ దారిలో తక్కువే. నెట్, గేట్ దేశం మొత్తానికి ఒకటే, లోకల్, నాన్‌లోకల్ గొడవ లేదు. మన సరిహద్దు ఊళ్లలో అసలు చిక్కు కులం సర్టిఫికెట్ దగ్గర వస్తుంది. ఆంధ్రాలో బీసీగా ఉన్న కులం ఒడిశా జాబితాలో ఉండకపోవచ్చు, ఒడిశాలో ఎస్‌ఈబీసీలో (అక్కడి వెనకబడిన తరగతుల జాబితా) ఉన్నా కేంద్రం ఓబీసీ జాబితాలో ఒడిశా పేరు కింద ఉందో లేదో వేరే చూసుకోవాలి. పర్లాకిమిడిలో, గుణుపురంలో పిల్లలు మేనమామ ఊరి నుంచి తెచ్చిన సర్టిఫికెట్ పెట్టి, వెరిఫికేషన్ రోజున ఏడ్చుకుంటూ తిరిగి రావడం చూశాను. మీకు వర్తిస్తే ఇప్పుడే మీ తహసీల్దారు దగ్గర కేంద్ర నమూనాలో తీసుకుని ఉంచండి.

ఉద్యోగాల విషయం కొంచెం చేదుగానే చెబుతాను. కేంద్రం 2023 జనవరి 4న ఆమోదించిన గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కి 19,744 కోట్లు, 2030కల్లా ఏడాదికి 50 లక్షల టన్నులు లక్ష్యం. అందులో పరిశోధనకి పెట్టింది 400 కోట్లు, మిగతాదంతా ముఖ్యంగా తయారీ ప్రోత్సాహకాలకి. విశాఖ దగ్గర పూడిమడకలో ఎన్‌టీపీసీ హైడ్రోజన్ హబ్‌కి 2025 జనవరి 8న శంకుస్థాపన అయింది, మన గోపాల్‌పూర్ సెజ్‌లో గ్రీన్ అమ్మోనియాకి ఒప్పందాలు రాసుకున్నారు. శంకుస్థాపన రాయికీ అపాయింట్‌మెంట్ ఆర్డరుకీ మధ్య ఎంత దూరమో మన జిల్లాల వాళ్లకి ఎవరూ చెప్పనక్కర్లేదు. పైగా అవి వచ్చినా అక్కడ ఎక్కువ మందిని తీసుకునేది డిప్లొమా వాళ్లని, కెమికల్, ఎలక్ట్రికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీర్లని. క్యాటలిస్టు పీహెచ్‌డీకి ఉండే కుర్చీలు కొద్దే: ఫరీదాబాద్ ఇండియన్ ఆయిల్ పరిశోధన కేంద్రం లాంటివి, సీఎస్‌ఐఆర్ ల్యాబులు, ఎలక్ట్రోలైజర్ తయారుచేసే బెంగళూరు ఓమియమ్, హజీరాలో ఎల్ అండ్ టీ లాంటి కంపెనీల ఆర్ అండ్ డీ, యూనివర్సిటీ పోస్టులు. హైడ్రోజన్ కోసమే హైడ్రోజన్ చదివితే ఇరుక్కుపోవచ్చు. ఎలక్ట్రోకెమిస్ట్రీ గట్టిగా నేర్చుకుంటే మాత్రం బ్యాటరీలు, తుప్పు నివారణ, కాస్టిక్ సోడా, ప్లేటింగ్ రసాయనాల కంపెనీలు, ఇన్ని తలుపులున్నాయి. అందుకే థీసిస్ పేరులో ఏముందన్నది నాకు పెద్ద పట్టింపు లేదు, ఇంపిడెన్స్ (ఏసీ కరెంటుకి సెల్ ఎంత అడ్డుపడుతుందో) కొలిచి దాన్ని చదవడం వచ్చా రాదా అన్నదే పట్టింపు.

వదినగారిది కూడా తీసిపారేసే మాట కాదు. బీఎడ్ రెండేళ్లు, ఆ తర్వాత టీచరు పోస్టు, ఇంటి దగ్గర ఉద్యోగం, తప్పేం లేదు. కానీ ఇప్పుడే అటు వెళ్లక్కర్లేదు, నెట్ రాస్తే జేఆర్ఎఫ్ రాకపోయినా లెక్చరర్ అర్హత వచ్చే వీలుంది, ఒక్క దెబ్బకి రెండు పిట్టలు. బీఎడ్ ఎప్పుడైనా చేయొచ్చు. పెళ్లి ప్రస్తావన మీరు రాయలేదు గానీ ఫోన్‌లో రెండుసార్లు తెచ్చారు. జేఆర్ఎఫ్ పిల్లకి సంబంధాలు తగ్గడం నేనైతే చూడలేదు, అడిగే కట్నం తగ్గడం చూశాను.

అన్నిటికంటే ముందు, పీహెచ్‌డీ నిర్ణయం ఇవాళ తీసుకోనక్కర్లేదు. వచ్చే వేసవిలో రెండు నెలలు ఏదో ఒక ల్యాబ్‌లో పని చేసి చూడనివ్వండి. సైన్స్ అకాడమీలు మూడూ కలిసి ఇచ్చే సమ్మర్ రిసెర్చ్ ఫెలోషిప్ ఉంది, మామూలుగా అక్టోబర్, నవంబర్ ప్రాంతంలో దరఖాస్తులు తీసుకుంటారు. అదే సమయంలో నేరుగా ప్రొఫెసర్లకి మెయిల్స్ రాయాలి. పాప నాకు పంపిన నమూనా మెయిల్ చూశాను, గ్రీన్ హైడ్రోజన్ అంటే చిన్నప్పటి నుంచి ప్రాణం అని మొదలుపెట్టింది. అది తీసేయమనండి, అలాంటివి వాళ్లకి రోజుకి ఇరవై వస్తాయి. "మా నాన్నగారి ప్లేటింగ్ షాపులో స్టీలు యానోడ్‌తో కాస్టిక్ ద్రావణంలో చూస్తే అరగంటకి పసుపు రంగు వచ్చింది, క్రోమేట్ అనుకుని నికెల్ యానోడ్ మార్చాను, రంగు రాలేదు, ఎన్ని వోల్టులు, ఎంత కరెంటు, ఎంతసేపు అన్నది జతచేశాను" అని నాలుగు లైన్లు రాసి, నోట్‌బుక్ పేజీ ఫోటో పెట్టమనండి. నోట్‌బుక్‌లో రాయకపోతే ఇప్పుడు మళ్లీ చేసి రాయాలి, ఈసారి నికెల్‌తోనే, తలుపులు తెరిచి, కళ్లద్దాలు పెట్టుకుని, గ్యాసు సీసాలో పట్టకుండా. గాలిలో 4 శాతం హైడ్రోజన్ చేరితే చాలు, ఒక నిప్పురవ్వకి అంటుకుంటుంది.

మొదటిసారి వచ్చిన ఆ పసుపు నీళ్లు బాటిల్లో పోసి దాచిందని చెప్పారు. అది క్యాన్సర్ తెచ్చే రకం క్రోమియం, అన్నగారూ, ఇంట్లో ఉంచొద్దు, కాలవలో పోయొద్దు. క్రోమ్ తొట్టె కడిగిన నీళ్లని మీరు ఎలా శుద్ధి చేస్తారో దాన్నీ అందులోనే కలపండి, పాపని పక్కన నిలబెట్టుకుని చేయండి, పసుపు ఎందుకు ఆకుపచ్చగా మారుతుందో అది మీకు చెబుతుంది.